దుకాణపు పరిమళం: అమ్మకం వేరు, జ్ఞాపకం వేరు

కొనుగోలుదారుడి నిర్ణయం మీద వస్తువుకు ఎంత ప్రభావం ఉంటుందో ఆ వస్తువును అమ్మే చోటుకూ అంత ప్రభావం ఉంటుందని, కొన్ని సందర్భాల్లో చోటుదే పైచేయి అవుతుందని 1973లో మార్కెటింగ్ పండితుడు ఫిలిప్ కోట్లర్ ‘జర్నల్ ఆఫ్ రిటెయిలింగ్’ పత్రికలో వాదించారు. వెలుతురు, రంగు, చప్పుడు, వాసన, స్పర్శ వంటివాటిని అలవాటుకు వదిలెయ్యకుండా, ధరను నిర్ణయించినంత శ్రద్ధగా నిర్ణయించే రోజు రావాలన్నది ఆయన మాట. రుచిని మాత్రం ఆయన ఆ జాబితాలో చేర్చలేదు. దుకాణంలోని గాలిని ఎవరూ రుచి చూడరు గనుక అది సబబే. ఆ తరువాతి దశాబ్దాల్లో వీటన్నిటి మీదా పరిశోధనలు పెరిగాయి. వాటిలో ఎక్కువ ఆశలు రేపిందీ, ఎక్కువ అతిశయోక్తులకు తావిచ్చిందీ వాసనే.

ఆ అతిశయోక్తులకు మూలం ఒక చిన్న గందరగోళంలో ఉంది. దుకాణంలో మంచి వాసన ఉంటే జనం ఎక్కువసేపు ఉంటారు, ఎక్కువ కొంటారు అన్నది ఒక వాదన. ఆ వాసన వల్ల దుకాణం మనసులో నిలిచిపోతుందన్నది మరో వాదన. పరిమళ యంత్రాలు అమ్మేవారి ప్రచారంలో ఈ రెండూ తరచుగా ఒకే వాక్యంలో ఇమిడిపోతాయి. ప్రయోగాలను విడివిడిగా చదివినవారికి మాత్రం, అప్పటికప్పుడు అమ్మకాన్ని పెంచే వాసనకూ ఏళ్లు గడిచినా గుర్తుండే వాసనకూ ఉండవలసిన లక్షణాలు ఒకటి కావని, ఒక్కోసారి అవి ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయని తెలుస్తుంది.

ముందుగా జ్ఞాపకం సంగతి. చూపు, వినికిడి, స్పర్శ ద్వారా వచ్చే సమాచారం మెదడు పైపొరను చేరేముందు థాలమస్ అనే కేంద్రం గుండా సాగుతుంది. వాసన ఆ మజిలీతో పని లేకుండానే లోపలికి చేరుతుంది. ముక్కు పైభాగపు పొరలో ఉన్న నాడీకణాలు గాలిలో తేలివచ్చిన అణువులను పట్టుకుని, ఆ సంకేతాన్ని మెదడు ముందుభాగాన వాసనను అందుకునే ఘ్రాణ లంబికకు చేరవేస్తాయి. అక్కడి నుంచి అది భావోద్వేగాలతో ముడిపడిన అమిగ్డలాకు, జ్ఞాపకాలను కూర్చే హిప్పోకాంపస్‌కు పొరుగున ఉన్న ప్రాంతాలకు నేరుగా వెళుతుంది. వాసనను పట్టే గ్రాహకాల జన్యు కుటుంబాన్ని 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ వెల్లడించారు. ఆ కృషికి 2004లో వారికి నోబెల్ బహుమతి లభించింది. మనిషిలో పనిచేసే ఇటువంటి గ్రాహకాలు సుమారు 400 రకాలు ఉన్నాయి. రంగులన్నిటినీ చూడడానికి కంటిలో మూడు రకాల శంకు కణాలే సరిపోతున్నాయని గుర్తుంచుకుంటే, ఆ సంఖ్య ఎంత పెద్దదో అర్థమవుతుంది.

అయితే ఈ శరీర నిర్మాణాన్ని చూపి వాసన ఎన్నటికీ మరపురాదని తేల్చెయ్యడం తొందరపాటు. వాసన రేపే జ్ఞాపకాలు మిగతావాటికంటే ఖచ్చితంగా ఉంటాయని ప్రయోగాలు చెప్పవు. వాటిలో భావోద్వేగం పాలు ఎక్కువని, ఆ పాత చోటుకు తిరిగి వెళ్లినట్టు అనిపించే గుణం ఎక్కువని మాత్రమే చెబుతాయి. పైగా, తెలిసిన ముఖాన్నో పాటనో కావాలనుకున్నప్పుడు మనసులోకి తెచ్చుకోగలిగినట్టు, ఒక వాసనను పిలిచి రప్పించుకోవడం చాలామందికి సాధ్యం కాదు. అదే వాసన మళ్లీ ముక్కుకు సోకినప్పుడే దానితో ముడిపడిన జ్ఞాపకం లేస్తుంది. దుకాణం లోపల ఎంత గొప్ప పరిమళం ఉన్నా, బయటికి వెళ్లిన మనిషికి అది మరెక్కడా ఎదురుకాకపోతే ఆ జ్ఞాపకాన్ని కదిలించే సాధనమే ఉండదన్న మాట. ఈ ఒక్క విషయాన్ని లెక్కలోకి తీసుకోకుండా పరిమళానికి డబ్బు ఖర్చు పెట్టే సంస్థలు తక్కువేమీ కావు.

వాసనకు మొదట అంటుకున్న అర్థం ఒక పట్టాన వదలదన్నది మరో చిక్కు. 1977లో హారీ లాలెస్, ట్రిగ్ ఎంగెన్ చేసిన ప్రయోగాల్లో, ఒక వాసనతో ముందుగా జతపరచిన బొమ్మ తరువాత జతపరచిన బొమ్మకంటే గట్టిగా నిలిచింది. వాసన రేపే స్వీయానుభవ జ్ఞాపకాలు ఎక్కువగా జీవితపు తొలి పదేళ్లకు చెందినవని, మాటలూ బొమ్మలూ రేపేవి ఆ తరువాతి పదేళ్లకు చెందినవని స్వీడన్ పరిశోధకులు చూపారు. ఇష్టాయిష్టాలు కూడా అలా పుట్టినవే. వింటర్‌గ్రీన్ అనే మొక్క వాసనకు 1960ల నడుమ బ్రిటన్‌లో జరిపిన ఒక పరిశీలనలో అట్టడుగు స్థానాల్లో ఒకటి దక్కగా, 1970ల చివర అమెరికాలో జరిపిన మరో పరిశీలనలో అదే వాసన అన్నిటికంటే హాయిగా ఉందని జనం చెప్పారు. బ్రిటన్‌లో ఆ తరానికి అది నొప్పికి పూసే మందుల వాసన. అమెరికాలో మిఠాయిల వాసన. అణువు ఒకటే, జ్ఞాపకాలు రెండు. వెనిలానో లావెండరునో తన గుర్తుగా చేసుకోవాలని తలచిన దుకాణం ఖాళీ పలక మీద రాయడం లేదు. ప్రతి కొనుగోలుదారుడి బాల్యంలోనూ ఆ వాసనకు అప్పటికే ఒక అర్థం ఏర్పడి ఉంటుంది.

అమ్మకాల వైపు చూస్తే దృశ్యం వేరుగా ఉంటుంది. ఎరిక్ స్పాంగెన్‌బర్గ్, మరి ఇద్దరు పరిశోధకులు కలిసి 1996లో ప్రచురించిన అధ్యయనంలో ప్రయోగం కోసం ఏర్పాటు చేసిన దుకాణంలో వాసనలు వెదజల్లి చూశారు. వాసన ఉన్నప్పుడు దుకాణం మీదా సరుకుల మీదా అభిప్రాయం మెరుగుపడింది. వాసన లేనప్పటి వారితో పోలిస్తే, లోపల గడిపిన సమయం తక్కువే అన్నట్టు వారికి తోచింది. ఏ వాసన, ఎంత గాఢత అన్నది అది అసహ్యంగా లేనంతవరకు పెద్ద తేడా తేలేదు. ఈ చివరి అంశమే ఆసక్తికరం. అప్పటికప్పుడు మనసును తేలికపరచడానికి వాసనకు ప్రత్యేకమైన వ్యక్తిత్వం అక్కర్లేదని అది సూచిస్తుంది.

2013లో వెలువడిన మరో అధ్యయనం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. స్విట్జర్లాండ్‌లోని ఒక గృహాలంకరణ దుకాణంలో కొన్ని రోజులు ఉత్త నారింజ వాసన, కొన్ని రోజులు నారింజకు బేసిల్ (ఒక రకం తులసి), గ్రీన్ టీ కలిపిన వాసన వెదజల్లి, మరికొన్ని రోజులు ఏ వాసనా లేకుండా ఉంచి చూశారు. ఉత్త నారింజ వాసన ఉన్న రోజుల్లో కొనుగోలుదారులు సగటున 20 శాతం వరకు ఎక్కువ ఖర్చు చేశారు. మూడు వాసనల మిశ్రమం కూడా హాయిగానే ఉందని జనం భావించినా, అమ్మకాల్లో మాత్రం అది ఏ వాసనా లేని రోజులను మించలేదు. తేలికగా పోల్చుకోగల వాసన ఆలోచనకు అడ్డురాదని, సంక్లిష్టమైన వాసన మనసులో కొంత భాగాన్ని తనను విడదీసుకోవడానికే వాడుకుంటుందని పరిశోధకుల వివరణ. ఖరీదైన పరిమళ రచనకు ఇది కొంత చేదు వార్తే.

ఆ 20 శాతం అనే అంకెను కూడా జాగ్రత్తగా చూడాలి. ఒక దుకాణంలో వచ్చిన ఫలితం అన్ని చోట్లా రాదు. ఎన్నో ప్రయోగాలను కలిపి 2020లో హోల్గర్ రోష్క్, మరో పరిశోధకురాలు చేసిన విశ్లేషణలో ఆహ్లాదకరమైన వాసన వల్ల ఖర్చు సగటున 3 శాతం పెరుగుతుందని, పరిస్థితులన్నీ అనుకూలించినప్పుడు ఆ పెరుగుదల 23 శాతం దాకా ఉండవచ్చని తేలింది. సగటుకూ గరిష్ఠానికీ మధ్య ఉన్న ఆ దూరమే అసలు విషయం. వాసన చల్లడం వల్ల కలిగే లాభం స్వల్పం. వాసన సరుకుకూ సందర్భానికీ ఒదిగినప్పుడు కలిగే లాభం దానికి ఎన్నో రెట్లు.

ఇక జ్ఞాపకానికి కావలసిందేమిటో ఒక పెన్సిల్ ప్రయోగం స్పష్టంగా చూపించింది. ఆరాధనా కృష్ణ, మే ల్విన్, మోరీన్ మోరిన్ 2010లో ప్రచురించిన ఆ పరిశోధనలో కొందరికి మామూలు పెన్సిళ్లు, కొందరికి పైన్ అనే కలప వాసన ఉన్నవి, మరికొందరికి టీ ట్రీ అనే చెట్టు ఆకుల నూనె వాసన ఉన్నవి ఇచ్చి, ఆ పెన్సిల్ గురించిన వివరాలు చదివించారు. రెండు వారాల తరువాత అడిగితే వాసన లేని పెన్సిల్ వివరాలను చాలామంది మరిచిపోయారు. టీ ట్రీ వాసన ఉన్న పెన్సిల్ వివరాలు దాదాపు చెక్కుచెదరలేదు. పెన్సిల్‌లో పైన్ వాసన ఎవరైనా ఊహించగలిగినదే. టీ ట్రీ వాసన అలా కాదు, పైగా అది గాలిలో కాక వస్తువులోనే ఉంది. అందుకే ఆ వాసన వస్తువు తాలూకు వివరాలను తనతో కట్టిపడేసుకుంది.

నారింజ ప్రయోగాన్నీ పెన్సిల్ ప్రయోగాన్నీ పక్కపక్కన పెడితే వైరుధ్యం బయటపడుతుంది. అమ్మకానికి తెలిసిన, సరళమైన వాసన కావాలి. జ్ఞాపకానికి మరే దుకాణంలోనూ ఎదురుకాని వాసన కావాలి. పరిమళ సంస్థల కేటలాగు నుంచి నచ్చినదాన్ని ఎంచుకునే దుకాణం మొదటి పనిని ఎంతోకొంత నెరవేర్చుకుంటుంది గాని, అదే వాసన పక్క హోటల్లోనూ ఎదుటి షోరూమ్‌లోనూ ఉన్నప్పుడు ఆ జ్ఞాపకం ఎవరి ఖాతాలోనూ పడదు. రెండు పనులూ ఒకే వాసనతో కావాలంటే దాని నిర్మాణం సరళంగా ఉండాలి, వాడకం మాత్రం ఆ ఒక్క సంస్థకే పరిమితం కావాలి, ఏళ్ల తరబడి మారకుండా ఉండాలి. ఈ మూడో షరతు దగ్గరే చాలా సంస్థలు తప్పిపోతాయి. ప్రచార శాఖకు కొత్త అధిపతి వచ్చినప్పుడల్లా గోడల రంగుతో పాటు గాలి వాసన కూడా మారిపోతుంది.

వాసనను తమదిగా భద్రపరచుకోవాలన్న ప్రయత్నం చట్టం దాకా వెళ్లింది. 1990లో అమెరికాలో కుట్టుపని దారానికి అద్దిన ప్లుమేరియా (దేవగన్నేరు) పూల వాసనను వాణిజ్య చిహ్నంగా గుర్తించారు. 2014లో వెరిజాన్ అనే ఫోన్ సేవల సంస్థ తన దుకాణాల్లో వెదజల్లే పూల కస్తూరి వాసనను అక్కడే నమోదు చేయించుకుంది. ఐరోపాలో మాత్రం 2002 నాటి సీక్‌మాన్ కేసులో న్యాయస్థానం ఒక వాసనను రసాయన సూత్రంగానో, మాటల వర్ణనగానో, నమూనాగానో సమర్పించడం సరిపోదని తీర్పు చెప్పింది. 2017లో చిహ్నాన్ని గీతల్లో చూపాలన్న షరతును తొలగించినా, వాసనను నిలకడగా, స్పష్టంగా నమోదు చేసే మార్గం అక్కడ ఇప్పటికీ సులువు కాదు.

వాసన ఒంటరిగా పనిచేయదు. 1982లో రొనాల్డ్ మిల్లిమన్ ఒక సూపర్‌మార్కెట్‌లో చేసిన ప్రయోగంలో నెమ్మదైన సంగీతం వినిపించినప్పుడు జనం నడక నెమ్మదించింది. వేగమైన సంగీతం ఉన్నప్పటితో పోలిస్తే అమ్మకాలు 38 శాతం దాకా పెరిగాయి. 2001లో అన్నా మాట్టిలా, యోఖెన్ విర్ట్స్ ఒక కానుకల దుకాణంలో వాసననూ సంగీతాన్నీ జోడించి చూశారు. మనసును శాంతపరిచే లావెండరు నెమ్మదైన సంగీతంతో, ఉత్సాహం కలిగించే గ్రేప్‌ఫ్రూట్ వాసన వేగమైన సంగీతంతో కలిసినప్పుడు జనం ఎక్కువ సంతృప్తి చెందారు, అనుకోని వస్తువులు కూడా ఎక్కువ కొన్నారు. జతలు తారుమారైతే ఆ లాభం కనిపించలేదు. క్రిస్మస్ వాసన మీద 2005లో వెలువడిన అధ్యయనం ఇంకా నిక్కచ్చిగా ఉంది: క్రిస్మస్ పాటలు తోడున్నప్పుడే ఆ వాసన మేలు చేసింది, మామూలు సంగీతంతో కలిసినప్పుడు మేలు చేయకపోగా దుకాణం మీద అభిప్రాయాన్ని కొంత తగ్గించే సూచనలు కూడా కనిపించాయి.

ఈ పొందిక ఎంత సున్నితమైనదో కాఫీ దుకాణాల సంస్థ స్టార్‌బక్స్ అనుభవం చెబుతుంది. 2007 ఫిబ్రవరిలో ఆ సంస్థ అధిపతి హోవర్డ్ షుల్ట్స్ సహోద్యోగులకు రాసిన లేఖ ఒకటి బయటికి పొక్కింది. గింజలు తాజాగా ఉండేందుకు గాలి చొరబడని సంచుల్లో ప్యాక్ చేయడం మొదలుపెట్టినప్పటి నుంచి, తొట్టెల్లోంచి గింజలు తీసి జనం ముందు పొడి చేసే పని ఆగిపోయిందని, దానితో దుకాణాల్లో కాఫీ వాసనే లేకుండా పోయిందని ఆయన అందులో బాధపడ్డారు. మరుసటి ఏడాది వేడి శాండ్‌విచ్‌లను ఉపసంహరిస్తామని సంస్థ ప్రకటించింది. కాలిన జున్ను వాసన కాఫీ వాసనను మింగేస్తోందన్నది కారణం. ఆ తరువాత దినుసులు, వండే పద్ధతి మార్చి శాండ్‌విచ్‌లను మళ్లీ తెచ్చారు, గింజలను దుకాణంలోనే పొడి చేయడం తిరిగి మొదలుపెట్టారు. ఇక్కడ పోయిన వాసనను యంత్రంతో తిరిగి తెచ్చుకునే అవకాశం లేకపోలేదు. కానీ జనానికి గుర్తున్నది కేవలం ఆ వాసన కాదు. కళ్లముందు జరుగుతున్న పని, మర చప్పుడు, వాటితో పాటు వచ్చే వాసన. సబ్బులను పొట్లం కట్టకుండా గుట్టలుగా అమ్మే లష్ దుకాణాల వాసన వీధి మలుపు దాకా రావడానికి కారణం కూడా సరుకే. ఆ సబ్బు ఇంటికి వెళుతుంది, స్నానాల గదిలో రోజూ అదే వాసన వేస్తుంది. జ్ఞాపకాన్ని మళ్లీ మళ్లీ లేపే సాధనం సరుకుతో పాటే కొనుగోలుదారుడి చేతికి అందుతుంది. సరుకుకు స్వతహాగా వాసన లేని దుకాణాలకు ఈ సౌకర్యం లేదు. చుట్టే కాగితమో, సంచో, రసీదు ఉంచే కవరో ఆ పని చేయాలి.

స్పర్శ, వెలుతురుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చేత్తో తాకినంత మాత్రానే ఒక వస్తువు తనదన్న భావం పెరుగుతుందని జోవాన్ పెక్, సుజానే షూ 2009లో చూపారు. ఒక వైన్ దుకాణంలో వెలుతురు పెంచితే జనం ఎక్కువ సీసాలను తీసి చూశారు గాని, అమ్మకాలు పెరగలేదని 1994 నాటి అధ్యయనం ఒకటి చెబుతుంది. చూడడం, తాకడం, కొనడం, గుర్తుంచుకోవడం నాలుగూ నాలుగు పనులు. ఒకదాని కొలతతో మరొకదాన్ని అంచనా కట్టలేం.

ముక్కుకున్న మరో స్వభావం దుకాణ నిర్మాణాన్ని నేరుగా ప్రభావితం చేస్తుంది. నిరంతరంగా ఉండే వాసనకు ముక్కు కొన్ని నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది. గడపలో గుప్పుమన్న పరిమళం బిల్లు కట్టే వరుస చేరేసరికి మనసుకు పట్టదు. మరోవైపు, ఒక అనుభవాన్ని మనిషి గుర్తుంచుకునేటప్పుడు దాని మొత్తం నిడివినిబట్టి కాక, అత్యంత తీవ్రమైన క్షణాన్నీ చివరి క్షణాన్నీ బట్టి తూచుకుంటాడని మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ బృందం 1993లో చేతిని చల్లని నీటిలో ముంచి ఉంచే ప్రయోగంతో చూపించింది. అంటే వాసన బలంగా తెలిసేది మొదట్లో, జ్ఞాపకానికి కీలకమైనది చివర. దుకాణమంతా ఒకే గాఢతలో వాసన నింపడం కంటే, విడతలు విడతలుగా వెదజల్లడమో, లోపలి భాగాన్ని వాసన లేకుండా ఉంచి ద్వారం వద్దా చెల్లింపుల చోటా మాత్రమే పెట్టడమో మేలని దీన్నిబట్టి ఊహించవచ్చు. సుగంధ తైలాన్ని వేడి చేయకుండా సన్నని తుంపరగా మార్చి ఏసీ గొట్టాల్లోకి పంపే యంత్రాలు ఇప్పుడు సాధారణం గనుక, ఈ నియంత్రణ కష్టం కాదు. కష్టం మనుషుల దగ్గర వస్తుంది. రోజంతా లోపలే ఉండే సిబ్బందికి ఆ వాసన తెలియదు. తెలియడం లేదని గాఢత పెంచుతారు. అప్పుడే బయటి నుంచి వచ్చినవారికి ఊపిరి ఆడదు.

అతి చేసిన సందర్భాలు లేకపోలేదు. దుస్తులు అమ్మే అబర్‌క్రోంబీ అండ్ ఫిచ్ దుకాణాలు చాలాకాలం మసక వెలుతురు, హోరెత్తే సంగీతం, ఘాటైన తమ సొంత పరిమళంతో పేరు పొందాయి. ఆ అనుభవం మరపురానిదే అయినా, మరపురానివన్నీ మళ్లీ రావాలనిపించేవి కావు. గత దశాబ్దంలో ఆ సంస్థ మూడింటినీ తగ్గించుకుంది. 2006 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో బస్సు స్టాపుల్లో పాల ప్రచారం కోసం అంటించిన కుకీల వాసన పట్టీలను అలర్జీల గురించి ఫిర్యాదులు రావడంతో ఒకటి రెండు రోజుల్లోనే తీసేయవలసి వచ్చింది. నారింజ, నిమ్మ వాసనలకు మూలమైన లిమోనిన్ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసినప్పుడు ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన వాయువు, అతి సూక్ష్మ కణాలు ఏర్పడతాయి. కొనుగోలుదారుడు అక్కడ ఉండేది కొద్దిసేపు. సిబ్బంది ఉండేది పని గంటలన్నీ. అయినా ప్రయోగాల్లో సిబ్బంది గురించి అడిగినవి చాలా తక్కువ.

ఎరుక, సమ్మతి అనే ప్రశ్న కూడా ఇక్కడిదే. 1997లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో ఫ్రెంచ్ సంగీతం వినిపించిన రోజుల్లో ఫ్రెంచ్ వైన్, జర్మన్ సంగీతం వినిపించిన రోజుల్లో జర్మన్ వైన్ ఎక్కువ అమ్ముడయ్యాయి. సంగీతం తమ ఎంపికను మార్చిందని ఒప్పుకున్నవారు మాత్రం బహు కొద్దిమంది. ఇష్టం లేని ప్రకటన నుంచి చూపు తిప్పుకోవచ్చు. ఊపిరి పీల్చడం మానుకోలేం గనుక వాసన విషయంలో ఆ వెసులుబాటు కూడా లేదు.

ఈ రంగంలో కొలతల లోపం ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎక్కువ ప్రయోగాలు ఆ రోజు గడిపిన సమయాన్ని, ఆ రోజు బిల్లును లెక్కిస్తాయి. దుకాణం మనసులో నిలిచిందా అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే, వాసన ఉన్న వారాల్లో మొదటిసారి వచ్చినవారు, లేని వారాల్లో మొదటిసారి వచ్చినవారు ఆరు నెలల్లో ఎందరు తిరిగి వచ్చారో పోల్చాలి. సభ్యత్వ కార్డుల వివరాలు ఉన్న ఏ సంస్థకైనా ఈ లెక్క కష్టం కాదు. అయినా పరిమళ యంత్రాల కొనుగోలు నిర్ణయాలు ఎక్కువగా అధికారుల ముక్కుకు నచ్చడాన్ని బట్టే జరుగుతుంటాయి.

ఇంద్రియాలకు విశ్రాంతినిచ్చే వేళలు ఇటీవల పెద్ద సంస్థల్లో మొదలయ్యాయి. ఆటిజం ఉన్నవారి కోసం బ్రిటన్‌లో 2016 ప్రాంతంలో మొదలైన ఈ పద్ధతిని, 2023 నవంబరులో వాల్‌మార్ట్ అమెరికాలోని తన దుకాణాల్లో రోజూ ఉదయం 8 నుంచి 10 దాకా అమల్లోకి తెచ్చింది. ఆ సమయంలో దీపాల వెలుతురు వీలైన చోట తగ్గిస్తారు, రేడియో ఆపేస్తారు, గోడల మీద టీవీల్లో కదలని బొమ్మలు ఉంచుతారు. వెలుతురునూ శబ్దాన్నీ ఒక మీటతో ఆపవచ్చు. పరిమళం అలా కాదు. తివాచీల్లో, బట్టల్లో, ఏసీ గొట్టాల్లో పేరుకున్నది యంత్రం ఆపిన తరువాత కూడా గంటల తరబడి నిలిచే ఉంటుంది. ఉదయం ఎనిమిదింటికి వాసన లేని దుకాణం కావాలంటే, యంత్రాన్ని ముందు రోజే ఆపి, రాత్రంతా బయటి గాలి ఆడనివ్వాలి.